సామాను కట్టింది ఇక్కడే

గల్ఫ్ ఎయిర్‌పోర్టులో మనవాడు నషా సామానుతో పట్టుబడ్డాడని ఖబర్ రాగానే ఖాన్‌దాన్ మొత్తం అటువైపే చూస్తుంది. అక్కడ వకీల్ ఎవరు దొరుకుతాడు, అక్కడి ఎంబసీలో మనకు ఎవరైనా తెలుసా, ఏ షేక్ ఇంట్లోనైనా పనిచేసే మనూరివాడు ఉన్నాడా... ఇవే మాటలు. తప్పని నేననను. కానీ పీకల్లోతు పరేషానీలో ఉన్న ఆ మొదటి పది పదిహేను రోజుల్లో చూడాల్సింది అటు కాదు, ఇటు. సామాను కట్టింది ఇక్కడ. డబ్బా చేతికిచ్చినవాడు ఇక్కడ. టికెట్ కొన్నవాడు ఇక్కడ. ముకద్దమా నడిచేది అక్కడే అయినా దానికి కావలసిన సబూత్ ఇక్కడ పడి ఉంది, పైగా రోజుకింత చెరిగిపోతోంది.

ముంబైకి చెందిన ఒక జంట కేసు మీలో చాలామంది చదివే ఉంటారు. 2019 జులైలో దోహా హమద్ ఎయిర్‌పోర్టులో దిగారు. సామానులో నాలుగు కిలోల పైచిలుకు చరస్ దొరికింది. ఆ సఫర్‌కు ఖర్చు పెట్టింది అబ్బాయి సొంత ఫుప్పూ. హనీమూన్ తోఫా అంది. వెళ్లేటప్పుడు ఒక ప్యాకెట్ కూడా చేతికిచ్చింది, అక్కడ తెలిసినవాళ్లకు ఇవ్వమని. అమ్మాయి అప్పటికే కడుపుతో ఉంది. ఇద్దరికీ పదేళ్ల చొప్పున సజా పడింది, పైన జుర్మానా. ఆ పిల్ల జైల్లోనే బిడ్డను కంది.

వాళ్లు బయటపడింది ఎట్లా? అమ్మాయి తండ్రి ముంబైలో కూర్చుని చేసిన పని వల్ల. ఫుప్పూతో అబ్బాయి మాట్లాడిన మాటలు ఫోన్‌లో రికార్డయి ఉన్నాయి. ఆయన వాటిని పట్టుకుని ముందు ముంబై పోలీసుల దగ్గరికి, తర్వాత నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దగ్గరికి తిరిగాడు. ఎన్‌సీబీ తహకీకాత్ చేసింది, ఫుప్పూను అరెస్టు చేసింది, ఆ కాగజాత్ సర్కారీ దారిలో ఖతర్‌కు వెళ్లాయి. 2021 జనవరిలో అక్కడి పై కోర్టు కేసు మళ్లీ వినమంది. మార్చి 29న ఇద్దరూ నిర్దోషులని తీర్పొచ్చింది. ఏప్రిల్‌లో బిడ్డతో సహా ఇంటికొచ్చారు. దగ్గర దగ్గర ఇరవై ఒక్క నెలలు.

ఇందులో వకీళ్ల పాత్ర లేదని కాదు. కానీ దోహా వకీల్ చేతిలో ముంబై కాగజ్ లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? 'మా ముద్దాయికి తెలియదండీ' అని ప్రతి వకీలూ అంటాడు. ప్రతి జడ్జీ రోజూ వినే మాట అది. సామాను నీ పేరు మీద ఉంటే నీదే, కాదంటే నువ్వే నిరూపించుకో. ఇది అరబ్ దేశాల జులుం అని మనవాళ్లు కొందరు ఆవేశపడతారు గానీ, మన ఎన్‌డీపీఎస్ చట్టం 35వ సెక్షన్ చెప్పేదీ దాదాపు అదే. తెలిసే చేశాడని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని చూపించాల్సింది ముద్దాయి. శంషాబాద్‌లో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర హెరాయిన్ దొరికిందని వార్త వేసేటప్పుడు, ఆమెకు ఆ సూట్‌కేసు ఎవరిచ్చారని మా పత్రికల్లో ఎన్నిసార్లు అడిగారు చెప్పండి?

ఫిల్మ్‌నగర్ వాళ్లకు ఇంకా దగ్గరి కేసు ఒకటుంది. 2023 ఏప్రిల్ మొదట్లో క్రిసాన్ పెరేరా అనే నటిని షార్జా ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. సడక్ 2, బాట్లా హౌస్ లాంటి హిందీ సినిమాల్లో చిన్న వేషాలు వేసిన అమ్మాయి. వెబ్ సిరీస్ ఆడిషన్ అన్నారు, టికెట్ ఇచ్చారు, వెళ్లేముందు ఒక ట్రోఫీ చేతిలో పెట్టారు. మత్తు పదార్థం ఆ ట్రోఫీలో ఉంది. ఇక్కడ కూడా అంతే. తల్లి ముంబై పోలీసులకు ఫిర్యాదు చేసింది, క్రైమ్ బ్రాంచి ఏప్రిల్‌లోనే ఇద్దరిని అరెస్టు చేసింది, రెండు మూడు రోజుల్లో ఆ అమ్మాయి జైలు బయటికొచ్చింది. ఆగస్టులో ఇంటికి చేరింది. తల్లితో పడిన ఒక పాత ఝగడాకు బదులు తీర్చుకోవడానికే ఇరికించారని పోలీసుల మాట. ఝగడా ఒక కుక్క గురించట. కుక్క కోసం ఒక మనిషి జీవితాన్ని జైల్లో పారేయొచ్చన్న ఆలోచన ఎవరికైనా వస్తుందా అనుకుంటాం. వచ్చింది మరి.

దోహాలో ఇరవై ఒక్క నెలలు, షార్జాలో నెల లోపు. రెండు దేశాలు, రెండు చట్టాలు, పట్టుబడ్డ సామాను కూడా ఒక్కటి కాదు, కాబట్టి పక్కపక్కన పెట్టి కొలవకూడదు. అయినా రెంటిలోనూ తాళంచెవి ముంబైలోనే దొరికింది.

ఫిల్మ్‌నగర్ మాట ఎందుకెత్తానంటే, ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు నిజామాబాద్, జగిత్యాల నుంచి కూలికి వెళ్లేవాళ్లలాంటి వాళ్లు కాదు. వీళ్లు నాలుగు రోజులకో వారానికో విజిట్ వీసా మీద వెళ్తారు. స్టార్ నైట్‌కు వెనక డ్యాన్సర్లు, మిమిక్రీ చేసేవాళ్లు, మేకప్ అసిస్టెంట్లు, కాస్ట్యూమ్ పెట్టెలు మోసే కుర్రాళ్లు. ఫిల్మ్‌నగర్ అంటే బయటివాళ్లకు ఫిల్మ్ చాంబర్, కొండ మీద బంగళాలు. కొండ వెనక్కి షేక్‌పేట్ వైపు దిగితే రేకుల ఇళ్లు, ఇరుకు గల్లీలు, ఒక్కో గదిలో రెండేసి కార్చోబ్‌లు పరిచి బట్ట బిగించి కూర్చున్న పిల్లలు. జూబ్లీహిల్స్ బొటీక్‌లో లక్షకు అమ్మే లెహంగా మీద జర్దోసీ పని ఈ గల్లీల్లో అయ్యిందే. ఈ పిల్లలకు 'ప్రోగ్రాం ఉంది, టికెట్ మాదే' అని ఎవరైనా అంటే కాగితం అడిగే అలవాటు లేదు. సినిమా పనంతా నోటిమాట మీదే నడుస్తుంది కదా.

ఆ గల్లీల్లో మా అమ్మ తరఫున ఒక ఖాలా ఉంటుంది. ఆమె కొడుకు కార్చోబ్ పని నేర్చి, కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుగా చేరాడు. ఒక షో కోసం వెళ్లి గల్ఫ్‌లో దిగిన చోటే దొరికిపోయాడు. కేసు నడుస్తోంది కనుక దేశం పేరు, తారీఖులు రాయను. డబ్బా ఇచ్చింది ఖాలాకు తమ్ముడి వరస, నాకు మామూ వరస. బయల్దేరే రోజు కుర్రాడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టడానికి వచ్చి, అక్కడ ఒక దోస్త్‌కు ఇవ్వమని అచార్ డబ్బా ఇచ్చి పోయాడు. లోపల ఏముందో ఆయనకు తెలుసో లేదో పోలీసులు తేల్చాలి. కానీ డబ్బా ఆయన చేతి నుంచి వచ్చిందన్నది ఇంట్లో నలుగురు కళ్లతో చూసిన మాట.

ఖాలా నన్ను పిలిచి మొదట చెప్పిన మాట ఏమిటో తెలుసా? "బాత్ ఘర్ సే బాహర్ నక్కో జానే దే బాబా." మాట ఇల్లు దాటొద్దు. పేపరోడివి కదా, రాయించకుండా చూడు అని అర్థం. కొడుకు జైల్లో ఉన్నాడు, ఆమెకు భయమంతా కూతురి రిష్తా గురించి. నేను ఆమెను తప్పుపట్టను. చరస్‌వాలీ బహన్ అని ఒక్క మాట పడితే ఆ పిల్ల పెళ్లి ఎన్నేళ్లు ఆగుతుందో మనందరికీ తెలుసు. ఫిర్యాదు మాటెత్తితే ఇంకో మాట అంది: "మైకేవాళ్ల మీద కేసు పెట్టి నేను ఏ ముఖం పెట్టుకుని చావుకూ పెళ్లికీ పోతాను?"

బయటివాడు ఇస్తే షక్ పడతాం, అడుగుతాం, తెరిచి చూస్తాం. ఇచ్చింది ఫుప్పూ అయితే, మామూ అయితే, వదిన పుట్టింటివాళ్లయితే తెరవడం బేఅదబీ. అమానత్ అంటాం. ఆ మాటను మనం చాలా లోకువ చేశాం. అమానత్ అంటే ఏం పుచ్చుకున్నావో తెలిసి పుచ్చుకునేది, అడిగినప్పుడు లెక్క చెప్పగలిగేది. లోపల ఏముందో తెలియని మూట మోయడం అమానత్ కాదు, హమాలీ. దొంగ సామాను పంపేవాడికి మన బిడియం గురించి మనకంటే బాగా తెలుసు. అందుకే వాడికి రిష్తేదారులే కావాలి.

సొంతవాళ్లకు వ్యతిరేకంగానైనా సరే గవాహీ నిజమే చెప్పమని మన దీన్ చెప్పిందని జుమా బయానుల్లో వింటాం, తలలూపుతాం. ఆ ముంబై తండ్రి తలూపి ఊరుకోలేదు. ఆయన పేరు పెట్టి చెప్పింది అల్లుడి సొంత ఫుప్పూ మీద. వియ్యాలవారి గడప అది. ఇజ్జత్ చూసుకుని ఆగి ఉంటే మనవరాలు ఖతర్ జైల్లోనే నడక నేర్చుకునేది.

పోలీస్ స్టేషన్ గురించి కూడా చెప్పాలి. మేం వెళ్లిన స్టేషన్‌లో మొదటి జవాబు: "జుర్మ్ అక్కడ జరిగింది, అక్కడికే పోండి." ఇది సరికాదు. మత్తు పదార్థాన్ని దేశం దాటించడం మన చట్టం ప్రకారమే నేరం, ఎన్‌డీపీఎస్ 23వ సెక్షన్. చేయించినవాడు, కుట్రలో ఉన్నవాడు 29వ సెక్షన్ కిందికి వస్తారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది అదే. నోటితో చెప్పి తిరిగి రాకండి, రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పై అధికారికి పంపండి. ఎన్‌సీబీకి వేరుగా రాయండి, వాళ్ల హెల్ప్‌లైన్ 1933. తెలంగాణలో 2023లో పెట్టిన యాంటీ నార్కోటిక్స్ బ్యూరో కూడా ఉంది, 2025లో దాని పేరు ఈగల్ అని మార్చారు. ఈ ముద్ర పడ్డ కాగితాలే రేపు తర్జుమా అయ్యి అక్కడి జడ్జీ ముందుకు వెళ్లాలి.

సబూత్ మాటకొస్తే, అన్నిటికంటే ముందు పోయేది కెమెరా. గల్లీ మూలన దుకాణంలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉండే సీసీటీవీ చాలావాటిలో నెల కూడా నిలవదు, పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. డబ్బా తెచ్చిన రోజు, ఆ గంట రికార్డింగ్ కోసం మొదటి వారంలోనే పోలీసులకు రాసివ్వాలి, దుకాణదారుడిని బతిమాలాలి. ఆ తర్వాత ఫోన్లు. అబ్బాయి పాత ఫోన్ ఇంట్లో ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, ఫార్మాట్ చేయొద్దు, పెద్దమ్మ కొడుక్కి ఇవ్వొద్దు. వాట్సాప్ గ్రూపులోంచి భయపడి బయటికి రావద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టుకు చాలదు, అసలు ఫోనూ దానికి చట్టం అడిగే సర్టిఫికెట్టూ ఉండాలి. టికెట్ డబ్బులు ఎవరి ఖాతా నుంచి పోయాయి, షోకు పిలిచినవాడు పంపిన మెసేజ్, ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడిందెవరు... ఇవన్నీ మన చేతికందేవే. మా ఖాలా కూతురు, ఆ రిష్తా కోసం దాచిపెట్టాలనుకున్న పిల్లే, అన్న పాత ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఇంట్లో అందరికంటే దానికే అఖల్ ఎక్కువ.

ఇక ఆ రోజుల్లో మగవాళ్లు చేసిన పని జూబ్లీహిల్స్ తిరగడం. ఒక హీరో మేనేజర్, ఒక ప్రొడ్యూసర్ తమ్ముడు, ఒక నాయకుడి పీఏ. ప్రతి గేటు ముందు రెండు గంటలు, లోపలి నుంచి 'సార్ చూస్తారట'. నేను ఈ తిరుగుడుకు ఖిలాఫ్. ఆ సార్లు చెడ్డవాళ్లని కాదు. గల్ఫ్ కోర్టులో హీరో సిఫారసు చెల్లదు, అంతే. పైగా మత్తు అన్న మాట వింటే ఈ కొండ మీద ఎవరూ దగ్గరికి రారు. 2017లో ఎక్సైజ్ శాఖ సినిమావాళ్లను వరసపెట్టి పిలిచినప్పుడు ఒక్కొక్కరు కారు దిగడం, ఎక్కడం అన్నీ లైవ్‌లో చూపించాం. ఏళ్ల తర్వాత ఆ కేసుల్లో చాలావరకు కోర్టులో నిలవలేదు, అప్పుడు ఒక్క కెమెరా రాలేదు. ఆ దెబ్బ తిన్నవాళ్లు కాస్ట్యూమ్ కుర్రాడి కోసం ఫోన్ చేస్తారా?

గేట్ల దగ్గర తిరిగేవాళ్లను పసిగట్టే ఇంకో రకం మనుషులున్నారు. "షేక్‌తో సీదా మాట్లాడిస్తా, కొన్ని లక్షలవుతాయి" అంటారు. మా వాళ్ల దగ్గరికీ ఒకడొచ్చాడు. దియత్ కడితే వదిలేస్తారన్నాడు. కోళికోడ్ డ్రైవర్ కోసం 2024లో జనం 34 కోట్లు పోగుచేసి సౌదీలో మరణశిక్ష తప్పించిన ముచ్చట అందరికీ గుర్తుంది కదా, అది చూపించి నమ్మించాడు. దియత్ అనేది ప్రాణం పోయిన కేసులో, చనిపోయినవాడి వారసులు మాఫీ చేసి తీసుకునే సొమ్ము. చరస్ కేసులో వారసుడెవరు, మాఫీ చేసేదెవరు? ముద్దయీ అక్కడి సర్కారే. రంజాన్‌కూ ఈద్‌కూ పాలకులు కొందరు ఖైదీలను వదిలే మాట నిజమే గానీ ఆ ఫెహరిస్తులో పేరు ఎక్కిస్తానని డబ్బు అడిగేవాడు మాత్రం పక్కా దొంగ.

ఎంబసీ ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది కూడా సాఫ్‌గా తెలుసుకోవాలి. 1963 వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం, పట్టుబడ్డ మనిషి అడిగితే అతని దేశపు కాన్సులేట్‌కు తెలపాలి, వాళ్లు జైలుకొచ్చి కలవొచ్చు. అడిగితే అన్నది చూడండి. అందుకని ఫోన్‌లో రెండు నిమిషాలు దొరికితే ఏడుపుతో గడపకుండా "కాన్సులేట్‌ను అడుగు, ముతర్జిమ్ లేకుండా సంతకం పెట్టకు" అని చెప్పాలి. కాన్సులేట్ వకీళ్ల జాబితా ఇస్తుంది, చూసి వస్తుంది, పేషీ తెలుసుకుంటుంది. విడిపించదు. విదేశాంగ శాఖ పోర్టల్ పేరు మన మాటే, మదద్. 2015 నుంచి ఉంది. అక్కడ ఫిర్యాదు నంబర్ వస్తుంది, ఆ నంబర్ లేకుండా తర్వాత ఎవరూ మాట వినరు. పేదవాడైతే వకీల్ ఖర్చుకు 2009లో పెట్టిన కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, దరఖాస్తు రాతలో ఇవ్వాలి. ఇక్కడ ప్రజాభవన్‌లో గల్ఫ్ బాధితుల కోసం ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. 2025లో పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం పది వేలకు పైగా భారతీయులు విదేశీ జైళ్లలో ఉన్నారు, సౌదీలోనూ యూఏఈలోనూ చెరి రెండున్నర వేలకు పైనే. అన్ని ఫైళ్ల మధ్య మన ఫైలు కదలాలంటే మనవైపు నుంచి కాగితం పోతూ ఉండాలి.

కాగితం అంటే గుర్తొచ్చింది. అక్కడి నుంచి మొదటి కాగజ్ వాట్సాప్‌లో వచ్చినప్పుడు ఇంట్లో అందరూ చదివేశారు, అరబీ అక్షరాలే కదా అని. 'మహ్కమా' అని కనబడితే ఏదో డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిందన్నారు. ఉర్దూలో మహ్కమా అంటే శాఖే. అరబీలో కోర్టు. 'హుకుమ్' అంటే ఆర్డరనుకున్నారు, అక్కడ అది తీర్పు. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఈ ధోకా మరీ ఎక్కువ, సగం మాటలు మనవే అనిపిస్తాయి. మసీదు హాఫిజ్ సాబ్‌కు చూపిస్తే ఆయన నిజాయితీగా "నాకు ఖురాన్ అరబీ వచ్చు, కచేరీ అరబీ రాదు" అన్నారు. డబ్బు పోయినా సరే, సర్టిఫైడ్ తర్జుమాయే చేయించాలి. వకీల్‌కు ముఖ్తార్‌నామా పంపాలన్నా నోటరీతో పని కాదు, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు కాన్సులేట్ ముద్రలు వరసగా పడాలి. దానికే వారాలు పడతాయి, కాబట్టి మొదటి వారంలోనే మొదలెట్టాలి.

ఇంకో ముక్క. అన్ని కేసుల్లోనూ మోసగాడు ఉండడు. కుర్మాలో వేసే ఖష్‌ఖష్, అంటే గసగసాలు, యూఏఈలోనూ సౌదీలోనూ నిషేధం. అమ్మ ప్రేమగా కట్టిన మసాలా పొట్లం కొడుకును హవాలాత్‌లో పెట్టగలదు. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలు అనుమతి లేకుండా తీసుకెళ్లినా అంతే. మన చట్టంలో కిలో వరకు గంజాయి 'స్వల్ప పరిమాణం', ఇరవై కిలోలైతే 'వాణిజ్య పరిమాణం'. ఆ కొలతలు బుర్రలో పెట్టుకుని అక్కడికి వెళ్లకూడదు.

నన్ను చాలామంది అడిగారు, వాడు బేకసూర్ అని నీకు పక్కాగా తెలుసా అని. తెలియదు. వాడి చేతిపని తెలుసు, వాడి తల్లి తెలుసు, డబ్బా ఎట్లా వచ్చిందో చూసినవాళ్లు తెలుసు. అంతకుమించి ఖుదాకు తెలుసు. తెలిసే తీసుకెళ్లి ఉంటే సజా అనుభవిస్తాడు. అప్పుడు కూడా వాడికి వకీల్ కావాలి, తన భాషలో చార్జిషీటు వినే హక్కు కావాలి, శిక్ష పడ్డాక ఒప్పందం ఉన్న దేశమైతే మిగతా శిక్ష ఇక్కడి జైల్లో గడపడానికి 2003 ఖైదీల బదిలీ చట్టం కింద దరఖాస్తు కావాలి. నిర్దోషి అని తేలాకే సాయం చేస్తాం అనేవాళ్లు, తేలడానికి సాయం ఎవరు చేస్తారో చెప్పరు.

ఫిర్యాదు మీద ఖాలా వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. ఉర్దూలో. పేరు రాసి, కింద తమ్ముడి పేరు, వరస, ఇల్లు, డబ్బా తెచ్చిన రోజు, టైము అన్నీ తనే చెప్పి రాయించింది. ఆ వారమే మైకా నుంచి ఒక దావత్‌కు అందరికీ పిలుపొచ్చింది, ఆమెకు రాలేదు. నాకూ రాలేదు. తర్జుమా అయిన కాగితాలు వకీల్‌కు చేరాయి, పేషీ వచ్చే నెలకు పడింది.